వంశశుద్ధి, ఆరోగ్యం ఒకటేనా?

నన్నయభట్టు తెలుగు చేసిన ఆదిపర్వంలో తొలి కథలలోనే ఒక కుక్కపిల్ల ఉన్నది. దేవశుని సరమ కొడుకు సారమేయుడు జనమేజయుని యజ్ఞశాల దగ్గర తిరుగుతూ ఉంటే రాజు తమ్ములు దానిని కొట్టి తరుముతారు. తల్లి వచ్చి రాజును నిలదీస్తుంది. తప్పు చేయని ప్రాణికి కీడు చేసినవారికి అనుకోని భయాలు కలుగుతాయని చెప్పి వెళ్ళిపోతుంది. ఆ రాజకుమారులు చేసిన అపకారం నలుగురికీ కనబడేది. కంటికి కనబడకుండా, పిల్ల పుట్టక ముందే దానికి చేసే అపకారం మరొకటి ఉన్నది. అందం కోసం, ముద్దు కోసం దాని కపాలాన్ని, ముక్కును, మోకాళ్ళను తరతరాలుగా మార్చుకొంటూ పోవడమే అది. ఈ సంగతిని నిర్మొహమాటంగా ప్రజల ముందు పెట్టిన చిత్రం 'పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్'. జెమైమా హారిసన్ తీసిన ఈ శాస్త్రీయ వార్తాచిత్రాన్ని 2008 ఆగస్టు 19న బి.బి.సి. వన్ ప్రసారం చేసింది.

ఇంగ్లండులో తీసిన చిత్రంతో గౌతమీ వసిష్ఠల నడుమ నివసించే వారికి పని ఏమిటని అనిపించవచ్చు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కొబ్బరితోటకు, మకాముకు కాపలాగా నాటుకుక్కను పెంచడం పాత అలవాటు. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు పట్నాలకు వెళ్ళి ఇల్లు బోసిపోయినప్పుడు "కుక్క ఒంటరిగా ఉన్నది, దీనికొక తోడు తెద్దాం" అన్న ఆలోచన పుడుతుంది. ఆ తోడుగా ఈ రోజులలో మనసుకు తోచేది పమేరియనో, పగ్గో, షీట్జూవో. వీటినే బొమ్మజాతి కుక్కలంటారు. ఏ పిల్లను తేవాలి, ఎట్లా చూసి తేవాలి అన్న ప్రశ్నకు జవాబు వెదికేవారికి ఈ చిత్రం కొంత దారి చూపుతుంది, కొంత దారి తప్పిస్తుంది కూడా. ఆ రెండింటినీ వేరు చేసి చూడడం అవసరం.

చిత్రం చూపినది

చిత్రంలో మరపురాని దృశ్యాలు కేవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ అనే కుక్కలవి. ఇది కూడా బొమ్మజాతిలోనిదే. దీని కపాలం వెనుక భాగం మెదడుకు చాలినంత విశాలంగా ఉండదు. అందువలన మెదడు వెన్నుల చుట్టూ తిరిగే ద్రవానికి దారి ఇరుకై, వెన్నుపాములో నీటితిత్తులు ఏర్పడతాయి. ఈ వ్యాధికి సిరింగోమైలియా అని పేరు. బాధ తట్టుకోలేక కుక్క మెడ వంకరగా పెట్టి గాలిలోనే గోక్కుంటుంది, మూలుగుతుంది. ఈ జబ్బు ఉన్నట్లు తేలిన ఒక బహుమతి కుక్క చేత కూడా పిల్లలను కనిపించారన్న విషయాన్ని చిత్రం బయట పెట్టింది.

రెండవది సంఖ్యకు సంబంధించినది. బ్రిటనులో సుమారు పది వేల పగ్ కుక్కలున్నా, జన్యువైవిధ్యం లెక్కన అవి యాభై కుక్కలతో సమానమని లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకుల అంచనాను చిత్రం ప్రకటించింది. గుంపు పెద్దదే, మూలధనం మాత్రం స్వల్పం.

ఫలితం వెంటనే కనిపించింది. క్రఫ్ట్స్ అనే సుప్రసిద్ధ శునక ప్రదర్శనను 2009 నుంచి బి.బి.సి. ప్రసారం చేయడం మానుకొన్నది. 1873లో స్థాపితమైన అక్కడి కెన్నెల్ క్లబ్ తల్లీ కొడుకుల, తండ్రీ కూతుళ్ళ, తోబుట్టువుల కలయికలో పుట్టిన పిల్లలను నమోదు చేయడం 2009లో ఆపివేసింది. ప్రొఫెసర్ పాట్రిక్ బేట్సన్ జరిపిన స్వతంత్ర విచారణ నివేదిక 2010లో వెలువడింది. నార్వేలో సంగతి న్యాయస్థానానికి ఎక్కింది. కేవలియర్లను తమలో తామే కలిపి పెంచడం ఆ దేశపు జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2023లో నిర్ణయించింది. ఒక గంట చిత్రం ఇంత కదలిక తేగలగడం సామాన్యమైన విషయం కాదు.

చింతపిక్కల లెక్క

దగ్గరి బంధువుల కలయిక ఎందుకు చెరుపు చేస్తుందో చిత్రం బొమ్మలతో చెప్పి ముందుకు పోయింది. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఇంకొక అడుగు వేయవచ్చును. అందుకు నూరు చింతపిక్కలు, కాస్త సున్నం చాలు.

ప్రతి లక్షణానికి పిల్లలో రెండు జన్యు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకానొక చెడు జన్యువు అంతర్గతమైనదనుకొందాం. అంటే రెండు ప్రతులూ చెడ్డవైతేనే జబ్బు బయటపడుతుంది. జాతి మొత్తంలో నూటికి ఒక ప్రతి చెడ్డదనుకొందాం. నూరు పిక్కలలో ఒకదానికి సున్నపు బొట్టు పెట్టి సంచిలో వేయాలి. ఒక పిక్క తీసి చూసి, తిరిగి వేసి, మళ్ళీ తీయాలి. రెండు సార్లూ బొట్టు పిక్కే రావడం పది వేలలో ఒకసారి మాత్రమే జరుగుతుంది. సంబంధం లేని కుక్కల సంతానంలో ఆ జబ్బు వచ్చే పాలు ఇంతే.

ఇక అన్నాచెల్లెళ్ళను కలిపారనుకొందాం. పిల్లకు వచ్చే రెండు ప్రతులూ ఒకే పూర్వుని ఒకే ప్రతికి నకళ్ళు కావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నది. అట్లా అయితే ఆ ఒక్క ప్రతి చెడ్డదైతే చాలు, జబ్బు వచ్చినట్లే. అంటే నాలుగింట ఒక వంతులో నూటికి ఒకటి. మిగిలిన మూడు వంతులలో పాత లెక్కే. రెండూ కలిపితే పది వేలకు సుమారు 26 వస్తుంది. ఒక్క తరంలోనే అపాయం 26 రెట్లు పెరిగినది! జన్యువు ఏ మాత్రం మారలేదు, కలిపిన తీరు మాత్రమే మారింది.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. మోకాటిచిప్ప జారడం, కేవలియర్లకు వచ్చే గుండె కవాట వ్యాధి వంటివి ఒక్క జన్యువు పని కాదు. అనేక జన్యువులు చేరి చేసేవి. వాటికి ఈ లెక్క యథాతథంగా అతకదు. జబ్బు గల తల్లిదండ్రులను ఏరివేయడమే వాటికి మందు.

చిత్రంలో లోపాలు

ఇంత మేలు చేసిన చిత్రంలో లోపాలు లేకపోలేదు. మొదటిది, అది మిక్కిలి బాధపడే కుక్కలను ఎన్నుకొని చూపింది. ఏ జబ్బు నూటికి ఎన్నింటికి వస్తుందో ప్రేక్షకునికి స్పష్టంగా తెలియదు. కన్నీరు తెప్పించే దృశ్యం దృష్టిని నిలుపుతుంది కాని పరిమాణాన్ని చెప్పదు. విజ్ఞాన చిత్రానికి రెండూ కావాలి. కొన్ని ఆరోపణలకు జవాబు చెప్పుకొనే తగిన అవకాశం కెన్నెల్ క్లబ్బుకు ఇవ్వలేదని ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తరువాత అభిప్రాయపడింది కూడా. నిజం పక్షాన ఉన్నవారు న్యాయం తప్పితే నిజానికే దెబ్బ.

రెండవది, జాతికుక్క అంటే రోగిష్టి, సంకరజాతి అంటే ఆరోగ్యవంతం అన్న భావం చూసినవారి మనసులో మిగిలిపోతుంది. సత్యం ఇంత సూటిగా లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యులు 27,000కు పైగా కుక్కల ఆసుపత్రి రికార్డులను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించారు. వారు చూసిన 24 వంశపారంపర్య వ్యాధులలో 10 జాతికుక్కలలో ఎక్కువ. ఒకటి సంకరజాతిలో ఎక్కువ. మిగిలిన 13 రెండింటిలోను ఇంచుమించు సమానం. కాబట్టి "ఇది శుద్ధజాతి కాదు గనుక జబ్బులు రావు" అనే అమ్మకందారుని మాటను నమ్మరాదు.

మూడవది, చిన్నతనమే దోషమన్న అనుమానం కలుగుతుంది. అది సరికాదు. ఐ.జి.ఎఫ్.1 అనే జన్యువులోని ఒక భేదం చిన్న కుక్కల పరిమాణాన్ని చాలవరకు నిర్ణయిస్తుందని 2007లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అదే జన్యువు పనిని ప్రభావితం చేసే ఒక పురాతన భేదం సుమారు 54,000 ఏళ్ళ నాటి తోడేలు అవశేషంలో ఉన్నట్లు 2022లో తెలిసింది. అంటే చిన్నతనానికి బీజం మనిషి కుక్కను మచ్చిక చేసుకొనక ముందు నుంచే ప్రకృతిలో ఉన్నది. చిన్నదై ఉండడం తప్పు కాదు. ముక్కు లేనంతగా ముఖాన్ని అణచడం, మెదడు పట్టనంతగా కపాలాన్ని కుదించడం, అరచేతిలో ఇమిడేదాకా శరీరాన్ని తగ్గించడం తప్పు. 'టీకప్' అని అమ్మే పిల్లలు ఒక జాతి కానే కావు. ఏ ప్రధాన శునక సంఘమూ అట్టి జాతిని గుర్తించలేదు. ఈతలో మరీ బలహీనమైన పిల్లకో, నెలలు నిండక ముందే తల్లి నుంచి వేరు చేసిన పిల్లకో ఆ పేరు తగిలించవచ్చును.

నాలుగవ లోపం మన పరిస్థితికి సంబంధించినది. చిత్రం కోపమంతా ప్రదర్శనల మీద, వంశావళి పుస్తకాల మీద. మన ప్రాంతంలో చిక్కు పుస్తకం ఉన్నందువల్ల రాలేదు, అసలు ఏ పుస్తకమూ లేనందువల్ల వచ్చింది. మన దేశంలో పగ్ మీద మోజును ప్రదర్శనలు పుట్టించలేదు. 2003లో హచ్ టెలిఫోను ప్రకటనలలో ఒక బాలుని వెంట విడవకుండా నడిచిన పగ్ పుట్టించింది. గిరాకీ పెరిగినప్పుడు ఏ కుక్కను ఏ కుక్కతో కలిపారో వ్రాసి ఉంచుకొనే తీరిక ఎవరికీ ఉండదు. వంశావళి పత్రం ఉంటే అందులో ఒకే పేరు రెండు వైపులా కనబడుతున్నదా అని చూడవచ్చును. పత్రమే లేకపోతే చూడడానికి ఏమున్నది? చిత్రం చూసి "కాగితాలున్న కుక్క వద్దు" అనుకొంటే ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్లవుతుంది. పత్రం ఆరోగ్యానికి హామీ కాదు. నేతిబీరకాయలో నెయ్యి వంటిదే కావచ్చు. కాని అది అడగవలసిన ప్రశ్నలకు మొదటి మెట్టు.

కోనసీమ గాలి, అణగిన ముక్కు

చిత్రం చెప్పని మరొక సంగతిని కోనసీమవారు తామే చేర్చుకోవాలి. అది గాలిలోని తేమ. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి ఒగర్చి, నోటిలోని, ముక్కులోని తడిని ఆవిరి చేసి శరీరాన్ని చల్లబరచుకొంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడిని తీసుకొంటుంది. గాలి పొడిగా ఉంటే ఈ పని చురుకుగా సాగుతుంది. సముద్రపు గాలి, కాలువలు, వరిచేలు, కొబ్బరినీడ కలిసి తేమ నిండిన వేసవి మధ్యాహ్నం ఆ ఆవిరి మందగిస్తుంది. బట్టలు ఆరని రోజున కుక్క కూడా చల్లబడదు.

పొడుగు మూతి గల నాటుకుక్కకు ముక్కులో మడతలు మడతలుగా తడి పొర విస్తరించి ఉంటుంది. పగ్ ముఖం అణగిపోయినందున ఆ పొరకు చోటు తగ్గింది, నాసికారంధ్రాలు ఇరుకైనవి, అంగిలి వెనుక భాగం గొంతుకు అడ్డు పడుతుంది. ఊపిరి తీయడానికే కండరాలు కష్టపడాలి. ఆ కష్టం మరింత వేడిని పుట్టిస్తుంది. చల్లబడడానికి చేసే యత్నమే వేడెక్కడానికి కారణమవుతుంది! కుక్క సాధారణ ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 సెంటిగ్రేడ్ డిగ్రీలు. అది 41 దాటితే ప్రాణాపాయం. ఇంటిల్లిపాదీ నవ్వుకొనే ఆ గురక ముద్దు కోసం పెట్టేది కాదు, గాలి చాలక వచ్చేది. ఈ తీరప్రాంతంలో కొనవలసిన బొమ్మజాతి పిల్లకు మొదటి అర్హత మూతి ఉండడం. ఆ లెక్కన పగ్, షీట్జూల కన్న మూతి గల స్పిట్జ్ రకం మేలు. మన ఇళ్ళలో పమేరియన్ అని పిలిచే తెల్లకుక్కలలో చాలా భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్ అనే కొంచెం పెద్ద కుక్కలు. అవి మన ఎండకు అలవాటు పడినవి. దట్టమైన బొచ్చు గల చిన్న పమేరియన్‌కు మాత్రం నీడ, గాలి, నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

నియమం ఉన్నది, అడిగేవారు కావాలి

అమ్మకానికి కుక్కలను పెంచేవారిని గూర్చి కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాలు చేసింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను చూలుకు కలపరాదు. టీకాల వివరాలు, రికార్డులు ఉండాలి. ఈ నియమాలు మంచివి. కాని వాటికి బలం కొనేవారి నోటిలో ఉన్నది. "నమోదు పత్రం చూపండి" అని అడిగే వాడు లేనప్పుడు నియమం పుస్తకంలోనే నిద్రపోతుంది.

ఎనిమిది వారాల గడువు వెనుక రెండు శాస్త్రకారణాలున్నాయి. మొదటిది నడవడికి సంబంధించినది. స్కాట్, ఫుల్లర్ అనే అమెరికను శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన గ్రంథంలో, పిల్లకు సుమారు మూడవ వారం నుంచి పన్నెండవ వారం వరకు సాంఘిక జీవనం నేర్చుకొనే కీలకమైన కాలమని చూపారు. ఎంత గట్టిగా కరిస్తే నొప్పి కలుగుతుందో, పెద్దకుక్క గుర్రుమంటే ఎప్పుడు వెనక్కు తగ్గాలో తల్లి, తోబుట్టువులు నేర్పుతారు. మరొక కుక్కకు తోడుగా తెచ్చే పిల్లకు ఈ చదువు అన్నింటికన్న ముఖ్యం. ముప్పై రోజులకే విడదీసి తెచ్చిన పిల్ల తోడు కావడానికి బదులు తగవుగా మారవచ్చును.

రెండవది ఆహారం. ఒకే ఆకృతి గల రెండు కుక్కలలో ఒకటి రెండవదానిలో సగం పొడవు ఉన్నదనుకొంటే, దాని చర్మం వైశాల్యం నాలుగో వంతు, బరువు ఎనిమిదో వంతు అవుతుంది. కిలో బరువుకు చర్మం రెట్టింపన్న మాట. కాబట్టి వేడిని త్వరగా కోల్పోతుంది. కాలేయంలో నిలువ ఉండే చక్కెర కొద్దిపాటిదే. బొమ్మజాతి పిల్ల కొన్ని గంటలు తినకపోతే రక్తంలో చక్కెర తగ్గి, తూలి, మూర్ఛపోయే ప్రమాదం ఉన్నది. దానికి రోజుకు నాలుగు సార్లయినా కొంచెం కొంచెంగా పెట్టాలి. తల్లిపాలు మాని స్వయంగా తినడం నేర్వని పిల్ల దూరప్రయాణానికి తట్టుకోదు.

పిల్లను చూడబోయి తల్లిని చూడాలి

చిత్రం నేర్పక విడిచిన పాఠం ఇది. పిల్లలన్నీ ముద్దుగానే ఉంటాయి. పైన పటారం ఎంతైనా ఉండవచ్చు, లోపలి సంగతి తల్లి చెబుతుంది. తల్లి కనబడని చోట కొనకపోవడమే మంచిది. తల్లిని కాసేపు నడిపించి చూడాలి. నాలుగడుగులకే గురక పెట్టి ఒగర్చే తల్లికి పుట్టిన పిల్ల పెద్దదై అదే చేస్తుంది. వెనుక కాలు ఒకటి ఎత్తి రెండడుగులు గెంతి మళ్ళీ దించుతూ నడిస్తే మోకాటిచిప్ప జారుతున్నదని అనుమానించాలి. చిన్న కుక్కలలో ఇది తరచు కనబడే దోషం. ఉత్సాహం కలిగినప్పుడు బాతు అరచినట్లు దగ్గితే శ్వాసనాళం కుంగిపోతున్న గుర్తు కావచ్చును.

పిల్ల విషయానికి వస్తే, నోరు మూసి ఉన్నప్పుడు ముక్కుతో చప్పుడు లేకుండా ఊపిరి తీస్తున్నదా చూడాలి. చిగుళ్ళు గులాబిరంగులో ఉండాలి. కన్నులలో పుసి, ముక్కున చీమిడి ఉండరాదు. పొట్ట మాత్రం ఉబ్బి పక్కటెముకలు తేలితే నులిపురుగులున్నట్లే. నడినెత్తిన వేలితో మెల్లగా తాకితే పెద్ద మెత్తని గుంట తగిలితే వైద్యునికి చూపకుండా తీసుకోరాదు. చప్పట్లు కొడితే ఉలికిపడి, మరుక్షణమే తేరుకొని దగ్గరకు వచ్చే పిల్ల మంచిది. మూల నక్కి వణికేది జాలి పుట్టించవచ్చు కాని పెద్ద కుక్కతో నెగ్గుకు రాలేదు. గుండె చప్పుడు, మోకాళ్ళు పరీక్షించడం పశువైద్యుని పని. తెచ్చిన రెండు మూడు రోజులలోగా వైద్యుడు పరీక్షించి లోపం ఉన్నదంటే తిరిగి తీసుకొనేటట్లు ముందే వ్రాయించుకోవాలి. ఒప్పుకోని అమ్మకందారు తన సరుకును తానే నమ్మనట్లు.

అసలు తోడు ఎవరికి?

ఇంత చెప్పిన మీదట అడగవలసిన మొదటి ప్రశ్న మిగిలే ఉన్నది. తోడు కావలసినది కుక్కకా, కుక్క యజమానికా? రోజంతా గొలుసుకు కట్టిన కుక్క మొరిగితే దానికి కావలసినది నడక, మనిషి సాంగత్యం కావచ్చును. కీళ్ళ నొప్పులతో మూలుగుతున్న ముసలికుక్క మీద గెంతే పిల్లను వదిలితే దానికి తోడు దొరకదు, ఉన్న శాంతి పోతుంది. ఇతర కుక్కలను చూసి తోక ఆడించేదా, వెంట్రుకలు నిక్కబొడిచేదా అన్నది ముందుగా గమనించాలి.

బరువుల తేడా మరొక చిక్కు. పదిహేను కిలోల నాటుకుక్కకు కిలో బరువైన పిల్ల ఎదురుపడితే, ఆటలో వేసిన ఒక్క పంజా దెబ్బకే ముంగాలి ఎముక విరగవచ్చు. బొమ్మజాతి కుక్కల ముంగాళ్ళ ఎముకలు సన్ననివి. మంచం మీది నుంచి దూకినా విరిగిన సందర్భాలు పశువైద్యులకు తెలిసినవే. పిల్ల కీచుమని పరుగెత్తితే, సౌమ్యమైన పెద్దకుక్కలో సైతం వేట బుద్ధి మేల్కొనవచ్చును. మొదట రెండింటినీ ఇంటి బయట, ఏ కుక్కకూ సొంతం కాని చోట కలపాలి. తిండి గిన్నెలు వేరుగా ఉండాలి. ఎవరూ చూడకుండా కొన్ని నెలలు వాటిని ఒంటరిగా విడువరాదు. ఒకటి ఆడ, ఒకటి మగ అయితే తగవులు తక్కువ. అప్పుడు పెద్దదానికి ముందే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించాలి. లేకుంటే చిన్న తల్లి పెద్ద పిల్లలను కనలేక చనిపోయే ప్రమాదం ఉన్నది.

రోగాలు రెండు వైపులా ప్రయాణం చేస్తాయి. కొత్త పిల్ల పార్వో వైరస్ తేవచ్చును. 1978లో గుర్తించిన ఈ వ్యాధి రక్తవిరేచనాలతో పిల్లలను చంపుతుంది. నేలలో నెలల తరబడి బ్రతుకుతుంది. ఊడ్చినా, కడిగినా పోదు, బ్లీచింగ్ ద్రావణానికి లొంగుతుంది. తల్లి నుంచి వచ్చిన రక్షక పదార్థాలు తగ్గిపోతూ, టీకా పనిని అడ్డగించగలిగినంతగా మాత్రం మిగిలి ఉండే సంధికాలం ఒకటి ఉన్నది. అందుకే ఆరు ఎనిమిది వారాల నుంచి పదహారు వారాల వరకు టీకాను మళ్ళీ మళ్ళీ వేస్తారు. ఒక్క సూది వేసి "టీకాలు అయిపోయినవి" అనే మాట సగం నిజమే. కొత్త పిల్లను రెండు వారాలు వేరుగా ఉంచడం మేలు. పెద్దకుక్క నుంచి పిల్లకు గోమార్లు ఎక్కుతాయి. అవి రక్తకణాలను పాడుచేసే ఎర్లిషియా, బెబీసియా జబ్బులను అంటిస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ వరిచేల ప్రాంతంలో మరవరానిది. 2022 జూలై వరదలలో లంక గ్రామాలు మునిగినట్లు నీరు నిలిచిన రోజులలో అది మనుషులకు కూడా ముప్పు. అన్నింటికన్న మిన్నగా, రెండు కుక్కలకూ రేబిస్ టీకా ఉండాలి. పిల్లకు మూడు నెలలు నిండగానే వేయించాలి. ఇది కుక్క ప్రాణానికే గాక ఇంటిలోని బిడ్డ ప్రాణానికి సంబంధించినది. రేబిస్ లక్షణాలు కనబడిన పిదప రోగి బ్రతకడం దాదాపు లేదు.

చివరికి తేలేది

'పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్' నిర్దోషమైన చిత్రం కాదు. కాని అందం పేరుతో వైకల్యాన్ని బహూకరించే లోకాన్ని ప్రశ్నించి, ఆ ప్రశ్నను నిలబెట్టింది. ఉపాధ్యాయులు దానిని తరగతిలో చెబితే వంశపారంపర్య పాఠం పచ్చబఠానీల దగ్గర ఆగిపోకుండా ఇంటి గుమ్మం దాకా వస్తుంది. దానితో పాటు చింతపిక్కల లెక్కనూ చేయించాలి, డేవిస్ ఫలితాలనూ చెప్పాలి. జాలితో పాటు పరిమాణం కూడా విద్యార్థి మనసులో నిలవాలి.

కోనసీమ ఇంటికి సంబంధించిన తీర్పు వేరు. నాటుకుక్కకు తోడు కావాలనుకొంటే దాని బరువుకు, గాలికి, నేలకు తగిన నాటు పిల్ల ఎదురుగా వీధిలోనే ఉన్నది. టీకాలు, నులిపురుగుల మందు, రెండు పూటలా తిండి దానికి చాలు. బొమ్మజాతి పిల్లనే కోరితే మూతి ఉన్నదానిని, తల్లి కనబడినదానిని, రెండు నెలలు నిండినదానిని, వైద్యుడు చూసినదానిని తేవాలి. కొనేవారు ముద్దు ముఖానికి వెల కట్టినంత కాలం అమ్మేవారు ముద్దు ముఖాలనే పుట్టిస్తారు. ఆరోగ్యానికి వెల కట్టిన రోజున ఆరోగ్యాన్నే పుట్టిస్తారు. సరమ ఆనాడు జనమేజయుని వాకిట నిలిచి తన బిడ్డ చేసిన తప్పు ఏమిటని అడిగింది. పుట్టుకతోనే ఊపిరాడని ప్రతి పిల్ల తల్లీ, నోరుంటే, కొన్నవారి వాకిట నిలిచి అదే అడుగుతుంది.